వీఎంల వీసాక్‌ని నేమ్‌స్పేస్‌లో పెట్టాక కనెక్షన్లు తెగుతున్నాయా? ఏ ఎర్రర్‌కి ఏం చూడాలి

ఒకే సర్వర్ మీద నలుగురు కలిసి వీఎంలు (వర్చువల్ మెషిన్లు) నడిపే చోట ఈ ఎర్రర్ చూడనివాళ్లు ఉండరు. మొదటి వీఎం చక్కగా లేస్తుంది. రెండోది మొదలుపెట్టగానే వీఎంలను నడిపే ప్రోగ్రామ్ క్యూఈఎంయూ "గెస్ట్ సీఐడీ పెట్టలేకపోయాను, అడ్రెస్ ఆల్రెడీ ఇన్ యూజ్" అని ఆగిపోతుంది. మా టెస్ట్ మెషిన్‌లో ప్రతి స్క్రిప్ట్‌లోనూ సీఐడీ, అంటే వీఎంకి ఇచ్చే నంబర్, 3 అనే రాసి ఉండేది. ఒక్కో జాబ్‌ని వేరే నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లో (కెర్నెల్ ప్రాసెస్‌లకు ఇచ్చే విడి నెట్‌వర్క్ గది) పెట్టాం కదా, ఇక ఒకదానికొకటి తగలవు అనుకున్నాం. తగిలాయి, ఎందుకంటే ఈ సీఐడీలు వాడే వీసాక్ అసలు నేమ్‌స్పేస్‌ని పట్టించుకునేదే కాదు.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. వీసాక్ అంటే హోస్టూ (వీఎంలు నడిచే అసలు మెషిన్) వీఎమ్మూ ఐపీ అడ్రెస్ లేకుండా మాట్లాడుకునే సాకెట్. 2013లో లైనక్స్ 3.9తో కెర్నెల్‌లోకి వచ్చింది, క్యూఈఎంయూ, కేవీఎం (లైనక్స్‌లోని హైపర్‌వైజర్) వాళ్లు హోస్ట్ వైపు వాడే వీహోస్ట్ డ్రైవర్ 2016లో 4.8తో వచ్చింది. అడ్రెస్ అంటే ఒక సీఐడీ, ఒక పోర్ట్, రెండూ 32 బిట్ల నంబర్లే. సీఐడీ 1 అంటే తనకు తాను, 2 అంటే హోస్ట్, వీఎంలకు 3 నుంచి మొదలు. ఇన్నేళ్లూ ఈ నంబర్లన్నీ మెషిన్ మొత్తానికి ఒకే లిస్టు. నంబర్లు తగలడం ఒక ఇబ్బందే గానీ, నన్ను ఎక్కువ భయపెట్టింది ఇంకొకటి: సొంత నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లో బందీగా ఉందనుకున్న ప్రాసెస్ కూడా పక్కవాళ్ల వీఎంలోని ఏజెంట్ పోర్ట్‌కి కనెక్ట్ కాగలదు, ఫైర్‌వాల్ అయిన ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌కి ఆ ట్రాఫిక్ కనిపించదు కూడా.

ఇప్పుడు కెర్నెల్‌లో దీనికి రెండు మోడ్‌లు వచ్చాయి. గ్లోబల్ అంటే పాత పద్ధతి, అందరికీ ఒకే లిస్టు. లోకల్ అంటే ఆ నేమ్‌స్పేస్‌కి సొంత లిస్టు, బయటివాళ్లు లోపలికి రాలేరు, లోపలివాళ్లు బయటికి పోలేరు. ఎవరూ ఏమీ మార్చకపోతే అంతా గ్లోబలే, అంటే పాత సాఫ్ట్‌వేర్ ఏదీ చెడదు. లోకల్ ఆన్ చేసిన చోటే కింద చెప్పేవి ఎదురవుతాయి.

సమస్య: సెట్టింగ్ ఫైలే కనిపించడం లేదు

ప్రోక్ కింద సిస్, దాని కింద నెట్, దాని కింద వీసాక్ అనే ఫోల్డర్ ఉండాలి. లేకపోతే ముందు వీసాక్ మాడ్యూల్‌ని మాడ్‌ప్రోబ్‌తో లోడ్ చేసి చూడండి. ఫోల్డర్ వచ్చినా అందులో ఎన్‌ఎస్ మోడ్, చైల్డ్ ఎన్‌ఎస్ మోడ్ అనే రెండు ఫైళ్లు లేకపోతే మీ కెర్నెల్ పాతది, కొత్తది వేసుకోవడమే దారి. మాడ్యూల్‌ని మాత్రం బూట్‌లోనే లోడ్ అయ్యేలా పెట్టుకోండి. నేమ్‌స్పేస్‌లు పుట్టేశాక లోడ్ చేస్తే వాటికి మీరు అనుకున్న మోడ్ రాదు.

సమస్య: లోకల్ అని రాశాను, అయినా గ్లోబల్ అనే చూపిస్తోంది

ఎన్‌ఎస్ మోడ్ ఫైల్ చదవడానికే, రాయడానికి కాదు. నేమ్‌స్పేస్ మోడ్ అది పుట్టినప్పుడే ఖాయమవుతుంది, తర్వాత ఎవరూ మార్చలేరు. మీరు రాయాల్సింది చైల్డ్ ఎన్‌ఎస్ మోడ్‌లో, అది ఇకముందు పుట్టబోయే పిల్ల నేమ్‌స్పేస్‌లకే వర్తిస్తుంది. బూట్‌లో పుట్టే మొదటి నేమ్‌స్పేస్ ఎప్పటికీ గ్లోబలే. లోకల్ నేమ్‌స్పేస్‌లో కూర్చుని దాని పిల్లల్ని గ్లోబల్ చేద్దామన్నా కుదరదు, పర్మిషన్ లేదంటుంది.

ఇక్కడ చాలామంది తొందరపడి హోస్ట్ మీదే చైల్డ్ ఎన్‌ఎస్ మోడ్‌ని లోకల్ చేసేస్తారు. వద్దు. అలా చేస్తే ఆ క్షణం నుంచి ఆ మెషిన్‌లో పుట్టే ప్రతి కంటైనర్ నేమ్‌స్పేసూ లోకల్ అయిపోతుంది, అందులో మీకు సంబంధం లేనివి కూడా ఉంటాయి. పైగా ఈ ఫైల్‌లో మొదటిసారి రాసిందే నిలుస్తుంది, వెనక్కి మార్చబోతే బిజీ అంటుంది. ఒకరు లోకల్ అని రాసి నేమ్‌స్పేస్ తయారుచేసే లోపు ఇంకొకరు గ్లోబల్ అని మార్చేస్తే గోడ ఉందనుకున్న చోట గోడ ఉండదు కాబట్టి అలా పెట్టారు, అది సరైన నిర్ణయమే.

చేయాల్సింది ఇది: ముందు మామూలుగా ఒక నేమ్‌స్పేస్ తయారుచేయండి, అది గ్లోబల్‌గా పుడుతుంది. దానిలోకి వెళ్లి అక్కడి చైల్డ్ ఎన్‌ఎస్ మోడ్‌లో లోకల్ అని రాయండి. అక్కడి నుంచే అన్‌షేర్ కమాండ్‌తో వీఎంల నేమ్‌స్పేస్‌లు పుట్టించండి, అవన్నీ లోకల్. హోస్ట్‌నీ మిగతా కంటైనర్లనూ ముట్టుకోలేదు కాబట్టి పాతవి పాతలాగే నడుస్తాయి.

సమస్య: అంతా లోకల్ చేశాను, అయినా అడ్రెస్ ఆల్రెడీ ఇన్ యూజ్, లేదా లోపలి నుంచి కనెక్ట్ చేస్తే నో సచ్ డివైజ్

రెండు రోజులు నేను ఇక్కడే చిక్కుకుపోయాను. క్యూఈఎంయూ ప్రాసెస్ లోకల్ నేమ్‌స్పేస్‌లోనే ఉంది, ప్రోక్‌లో దాని నెట్ లింక్ నంబర్ కూడా సరిగ్గానే ఉంది. కానీ ఆ నేమ్‌స్పేస్‌లోంచి సోకాట్‌తో (రెండు కనెక్షన్లను కలిపే టూల్) సీఐడీ 3కి కనెక్ట్ అయితే నో సచ్ డివైజ్ అంది, అదే కమాండ్ హోస్ట్ మీద కొడితే వెంటనే కలిసింది. అంటే వీఎం గ్లోబల్‌లో కూర్చుంది.

కారణం తెలిశాక మిగతా చిక్కులన్నీ వాటంతటవే విడిపోయాయి. వీఎం ఏ నేమ్‌స్పేస్‌కి చెందుతుందనేది క్యూఈఎంయూ ఎక్కడ నడుస్తోంది అనే దాన్ని బట్టి కాదు, డెవ్ కింద ఉన్న వీహోస్ట్ వీసాక్ డివైజ్‌ని ఎవరు, ఎక్కడ నిలబడి ఓపెన్ చేశారు అనే దాన్ని బట్టి తేలుతుంది. వీఎంలను మేనేజ్ చేసే లిబ్‌వర్ట్ ఆ డివైజ్‌ని తనే ఓపెన్ చేసి, ఆ ఫైల్ డిస్క్రిప్టర్‌ని (ఓపెన్ చేసిన ఫైల్‌కి కెర్నెల్ ఇచ్చే నంబర్) క్యూఈఎంయూ చేతిలో పెడుతుంది. లిబ్‌వర్ట్ డీమన్ హోస్ట్ నేమ్‌స్పేస్‌లో ఉంటే వీఎం కూడా హోస్ట్‌దే. సాకెట్లకీ ఇదే లెక్క, సాకెట్ పుట్టిన చోటే దాని ఊరు.

పరిష్కారం మీ చేతిలో ఎంత ఉంది అనే దాన్ని బట్టి ఉంటుంది. క్యూఈఎంయూని మీరే మొదలుపెడుతుంటే, బయటి నుంచి డిస్క్రిప్టర్ ఇవ్వకుండా గెస్ట్ సీఐడీ మాత్రమే ఇచ్చి ఐపీ నెట్‌ఎన్‌ఎస్ ఎగ్జెక్‌తో నడపండి, అది లోపలే ఓపెన్ చేసుకుంటుంది. మేనేజర్ మీ సొంత కోడ్ అయితే, ఓపెన్ చేసే ముందు ఆ థ్రెడ్‌తో సెట్‌ఎన్‌ఎస్ (ఆ నేమ్‌స్పేస్‌లోకి మారే సిస్టమ్ కాల్) చేయించండి. గో భాషలో రాసినవాళ్లు గొరూటీన్‌ని ఒక ఓఎస్ థ్రెడ్‌కి లాక్ చేయడం మరవద్దు, లేకపోతే ఒకసారి పనిచేసి ఒకసారి చేయదు, అది పట్టుకోవడం నరకం. నడుస్తున్న వీఎంని మాత్రం ఒక నేమ్‌స్పేస్ నుంచి ఇంకోదానికి మార్చలేం, ఆపి మళ్లీ లేపాల్సిందే.

సమస్య: హోస్ట్ మీది పాత టూల్ ఇప్పుడు వీఎంని చేరలేకపోతోంది

గోడ కట్టింది ఇందుకే కాబట్టి ఇది తప్పు కాదు. కానీ ఆ టూల్ అవసరం, దాని కోడ్ మార్చే అవకాశం లేదు, అప్పుడేం చేయాలి? నాకు బాగా నచ్చిన దారి యూనిక్స్ సాకెట్ వంతెన. ఫైల్ పాత్‌తో ఉండే యూనిక్స్ సాకెట్‌కి నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ అడ్డు ఉండదు. లోకల్ నేమ్‌స్పేస్ లోపల ఒక సోకాట్ పెట్టి, ఒక వైపు యూనిక్స్ సాకెట్ మీద వినమని, రెండో వైపు వీసాక్‌తో వీఎంకి కనెక్ట్ కమ్మని చెప్పండి. హోస్ట్ టూల్ ఆ ఫైల్‌కి కనెక్ట్ అవుతుంది. ఎవరు రావచ్చో ఎవరు రాకూడదో ఆ ఫైల్ పర్మిషన్లే చూసుకుంటాయి, ఇంతకుముందు ఆ అదుపు కూడా లేదు. కోడ్ మార్చగలిగితే ఇంకా తేలిక: లోపల సాకెట్ పుట్టించి బయటికి తెచ్చుకోండి, తర్వాత ఎక్కడ నిలబడి వాడినా అది లోపలిదే.

సమస్య: వీఎంలోంచి హోస్ట్‌కి కనెక్ట్ అయితే కనెక్షన్ రీసెట్ బై పీర్

హోస్ట్ మీద సర్వీస్ వింటూనే ఉంటుంది, సీఐడీ 2, పోర్ట్ కూడా సరే, అయినా రీసెట్. లోకల్ వీఎం "హోస్ట్" అన్నప్పుడు ఇప్పుడు దాని అర్థం తన నేమ్‌స్పేస్‌లో వింటున్న సాకెట్లే, మీ సర్వీస్ బయట గ్లోబల్‌లో వింటోంది. ఆ సర్వీస్‌ని వీఎం ఉన్న నేమ్‌స్పేస్‌లోనే లేపండి. సిస్టమ్‌డీ సాకెట్ యూనిట్ అయితే నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ పాత్ అనే సెట్టింగ్‌ని యూనిట్‌లో ఇవ్వండి, వినే సాకెట్ అక్కడే పుడుతుంది.

ఇందులోనే ఇంకో మెలిక. వీఎం లోపల, అంటే గెస్ట్ కెర్నెల్‌లో, ఒక లోకల్ నేమ్‌స్పేస్ తయారుచేసి అందులోంచి హోస్ట్‌తో మాట్లాడాలంటే కుదరదు. గెస్ట్ నుంచి హోస్ట్‌కి పోయే డ్రైవర్లు, విర్టియో అయినా హైపర్‌వీ అయినా వీఎంసీఐ అయినా, గ్లోబల్‌కే పరిమితం. లోకల్ మోడ్ హోస్ట్ వైపు వీహోస్ట్‌కీ లూప్‌బ్యాక్‌కీ (తనతో తాను మాట్లాడుకునే డ్రైవర్) మాత్రమే. గెస్ట్‌లో నడిచే ఏజెంట్‌ని గ్లోబల్‌లోనే ఉంచండి.

సమస్య: కంటైనర్‌లో ఆపరేషన్ నాట్ పర్మిటెడ్

ఎర్రర్ కనెక్ట్ దగ్గర కాకుండా సాకెట్ తయారుచేసే దగ్గరే వస్తే నేమ్‌స్పేస్‌ని అనుమానించకండి. డాకర్ డీఫాల్ట్ సెక్‌కాంప్ (సిస్టమ్ కాల్స్‌ని వడగట్టే ఫిల్టర్) ప్రొఫైల్ వీసాక్‌ని పుట్టనివ్వదు. సిస్టమ్ కాల్స్‌ని చూపించే ఎస్‌ట్రేస్ పెడితే సాకెట్ కాల్ లైన్‌లోనే కనిపిస్తుంది. నిజంగా కావాల్సిన కంటైనర్‌కి మాత్రమే ప్రొఫైల్‌లో అనుమతి ఇవ్వండి, ప్రొఫైల్ మొత్తం తీసేయొద్దు.

సమస్య: ఎస్‌ఎస్ కమాండ్ ఖాళీగా చూపిస్తోంది, కనెక్షన్ మాత్రం పనిచేస్తోంది

ఎస్‌ఎస్‌కి వీసాక్ ఆప్షన్ ఇస్తే మీరున్న నేమ్‌స్పేస్‌లోని సాకెట్లే చూపిస్తుంది. గ్లోబల్ మోడ్‌లో కనెక్షన్ నేమ్‌స్పేస్‌లు దాటి పోతుంది గానీ ఎస్‌ఎస్ దాటి చూడదు. అందుకే ఖాళీగా ఉంది కదా, గోడ నిలబడింది అనుకోవద్దు. ఎన్‌ఎస్‌ఎంటర్‌తో ఆ నేమ్‌స్పేస్‌లోకి వెళ్లి ఎన్‌ఎస్ మోడ్ ఫైల్ చదవండి, తర్వాత హోస్ట్ నుంచి ఆ సీఐడీకి ఒకసారి కనెక్ట్ అయి చూడండి. అదే సీఐడీతో గ్లోబల్‌లో ఇంకో వీఎం లేకపోతే నో సచ్ డివైజ్ రావాలి.