యుద్ధకాలపు పానాలు, పనిముట్ల పెట్టెలు: ఏరడం, తుప్పు వదిలించడం ఎలా?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు పాత ఇనుప సామాన్ల కొట్లలో కిలోల లెక్కన అమ్మే గుట్టల్లో రెండో ప్రపంచయుద్ధం నాటి పానాలూ సుత్తులూ తగలొచ్చు. ఇవి రావడానికి రెండు దారులున్నాయి. యుద్ధం అయ్యాక సైన్యం దగ్గర మిగిలిన సామాను ప్రభుత్వం 'డిస్పోజల్' పేరుతో అమ్మేసింది. రెండోది రైల్వే: విజయనగరం–రాయపూర్ లైను, నౌపడ–గుణుపురం చిన్న రైలు. తుప్పు వదిలించడం ఎవరైనా చేస్తారు. దాంతోపాటు గుర్తులు కూడా అరగదీసేస్తే చేతిలో మిగిలేది మామూలు ఇనప ముక్కే. కింద చెప్పే పద్ధతులన్నీ ఆ గుర్తుల్ని కాపాడుకోవడానికే.

1. గుట్టలో ఏరుకోవడం

కొట్టుకి వెళ్ళేటప్పుడు టార్చి, సుద్దముక్క, పాత టూత్‌బ్రష్, వెర్నియర్ (మందం, వెడల్పు కొలిచే పరికరం) పట్టుకెళ్ళండి. పానా పిడి మీద మట్టి దులిపి, సుద్ద రుద్ది, వేలితో తుడిచేయండి. పల్లంలో ఉన్న అక్షరాల్లో తెలుపు నిలబడిపోతుంది. టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేస్తే అంతవరకూ కనపడని అంకెలు కూడా బయటపడతాయి.

బాణం ములికి లాంటి మూడు గీతల గుర్తు బ్రిటిష్ సైన్యానిది. దాని పక్కనే 1941, 1943 లాంటి సంవత్సరం ఉండొచ్చు. బాణంతో పాటు 'ఐ' అక్షరం ఉంటే ఇండియా సైన్యానికి చెందింది. 'సీ' అక్షరం కడుపులో బాణం ఉంటే కెనడాది. బర్మింగ్‌హామ్ 'కింగ్ డిక్', షెఫీల్డ్ 'రికార్డ్' పేర్లు కనపడితే ఆ ముక్కని పక్కన పెట్టుకోండి. 'బీఎన్ఆర్' అంటే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. ఆ కంపెనీని 1944లో ప్రభుత్వం తీసుకుంది, 1952 ఏప్రిల్‌లో ఈస్టర్న్ రైల్వేలో కలిపేశారు. కాబట్టి ఆ గుర్తున్న సుత్తి 1952కి ముందుదే అనుకోవచ్చు. అయితే యుద్ధకాలానిదే అని ఆ ఒక్క గుర్తు పట్టుకుని చెప్పలేం.

నకిలీలూ ఉంటాయి. అసలు గుర్తు అంచులు పానా మిగతా ఒళ్ళు అరిగినట్టే మొద్దుబారి ఉంటాయి, అడుగున పాత రంగో మడ్డో గట్టిపడి ఉంటుంది. కొత్తగా కొట్టిన బాణం తుప్పు గుంటల్ని కోసుకుంటూ పోతుంది, అంచు వేలికి గీసుకుంటుంది.

సైజు దగ్గర చాలామంది పొరపడతారు. బ్రిటిష్ పానా మీద 3/8 డబ్ల్యూ (విట్‌వర్త్ అనే బ్రిటిష్ బోల్టు కొలత) అని ఉంటే అది మూతి వెడల్పు కాదు, బోల్టు కాడ మందం. మూతి కొలిస్తే 0.710 అంగుళం, అంటే 18 మి.మీ. వస్తుంది. అమెరికా పానా మీద 3/8 అంటే మూతే 3/8 అంగుళం, 9.5 మి.మీ. పైగా యుద్ధంలో ఉక్కు ఆదా కోసం బ్రిటిష్‌వాళ్ళు విట్‌వర్త్ బోల్టు తలల్ని ఒక సైజు తగ్గించారు. ఒకే మూతి మీద '3/8 డబ్ల్యూ', '7/16 బీఎస్' అని రెండు కొలతలూ కనిపించొచ్చు. జత కూర్చేటప్పుడు అంకెని నమ్మకుండా వెర్నియర్‌తో కొలవండి.

2. రసీదు

రైల్వే గుర్తున్న వస్తువుని రసీదు లేకుండా కొనొద్దు. దొంగిలించిందన్న అనుమానం వచ్చే రైల్వే సామాను దగ్గర ఉంచుకోవడం 1966 నాటి చట్టం కింద నేరం. వేలంలో కొన్న లాటులోంచి వచ్చిందని కొట్టువాడు రాసివ్వాలి. ఇవ్వనంటే ఎంత ముచ్చటగా ఉన్నా వదిలేయండి. పాత మందుగుండు పెట్టె దొరికి, లోపల తూటాలాంటిది ఏదైనా కనిపిస్తే ముట్టుకోకుండా పోలీసులకి చెప్పండి.

3. నీళ్ళలో ముంచే ముందు

యుద్ధంలో క్రోమియం కరువు. అందుకని చాలా పానాలకి నల్లపూత మాత్రమే వేశారు, కొన్నింటికి కాడ్మియం పూత వేశారు. మసక తెలుపులో పసుపు ఛాయ ఉంటే కాడ్మియం అని అనుమానించండి. అది విషం. ఎమిరీ, గ్రైండర్, మంట, వెనిగర్ ఏదీ వద్దు. చేతికి తొడుగు వేసుకుని నూనె గుడ్డతో తుడిచి ఊరుకోండి. పాత రంగులో సీసం ఉంటుంది కనక పొడిగా గీకొద్దు. తడి ఎమిరీతో, మాస్కు కట్టుకుని, ఆరుబయట పని చెయ్యండి.

పగుళ్ళు చూడటానికి రైల్వే వర్క్‌షాపుల్లో వాడిన పాత ఉపాయం ఒకటుంది. వస్తువుని శుభ్రం చేసి కిరసనాయిల్లో గంటసేపు ఉంచి (దొరక్కపోతే పలచటి మెషిన్ ఆయిల్ ఫరవాలేదు), పొడిగా తుడిచి, సుద్దపొడి పలచగా పుయ్యండి. పది నిమిషాల్లో పగులులో దాగిన నూనె సుద్దలోకి ఊరి సన్నటి గీత పడుతుంది. ఆ పానా గోడకి తగిలించుకోవడానికే, బోల్టు మీద వేయడానికి కాదు. ఉలి, సుత్తి తలలు పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటే ఆ అంచు సాన పట్టి తీసేయాలి. దెబ్బ పడినప్పుడు ఆ ముక్కే కంటికి ఎగురుతుంది.

4. తుప్పు

పైపై తుప్పుకి డీజిల్‌లో ఒక రాత్రి నానబెట్టి ఇత్తడి వైరు బ్రష్‌తో రుద్దితే చాలు. గ్రైండర్‌కి తగిలించే ఇనుప బ్రష్ జోలికి పోవద్దు. బాణం గుర్తుని అరనిమిషంలో మాయం చేస్తుంది.

గట్టి తుప్పుకి కరెంటు పద్ధతి ఉత్తమం, ఎందుకంటే తుప్పు మాత్రమే వదులుతుంది, ఇనుము అరగదు. కావలసినవి:

- 20 లీటర్ల ప్లాస్టిక్ బకెట్టు
- బట్టల సోడా 100 గ్రాములు (ఉప్పు వద్దు, విషవాయువు వస్తుంది)
- అడుగు పొడవు సెంట్రింగ్ చువ్వలు నాలుగు
- 12 వోల్టుల పాత తరహా బ్యాటరీ చార్జర్, రాగి తీగ

చువ్వల్ని బకెట్టు అంచు చుట్టూ నిలబెట్టి, తీగతో ఒకదానికొకటి కలిపి చార్జర్ ప్లస్‌కి కట్టండి. పానాని మధ్యలో వేలాడదీసి మైనస్‌కి కట్టండి. తీగ తగిలే చోట పానాని మెరిసేదాకా గీకాలి, లేకపోతే కరెంటు పారదు. చువ్వకి పానా తగలకూడదు. తీగలన్నీ బిగించాకే చార్జర్ స్విచ్ వెయ్యండి, తీసేటప్పుడు ముందు ఆపండి. 2 నుంచి 4 ఆంపియర్లు చాలు. పానా నుంచి సన్నటి బుడగలు లేస్తుంటే పని జరుగుతున్నట్టే. ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది.

ఇక్కడ జరిగే పొరపాట్లు ఇవి. ప్లస్, మైనస్ తారుమారైతే చువ్వలు బాగుంటాయి, పానా కరిగిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు చువ్వ వాడితే నీళ్ళలోకి విష క్రోమియం దిగుతుంది. బుడగల్లో వచ్చేది హైడ్రోజన్, కాబట్టి మూసిన గదిలో చెయ్యకండి, పక్కన బీడీ కాల్చకండి. కొత్త ఆటోమేటిక్ చార్జర్లు ఎదురుగా బ్యాటరీ కనపడకపోతే మొదలే అవ్వవు. స్ప్రింగులు, రంపం బద్దలు ఇందులో వేయొద్దు. హైడ్రోజన్ పట్టి పెళుసెక్కుతాయి. వాటికి డీజిలే గతి.

బకెట్టులోంచి తీశాక మీద నల్లటి మడ్డి ఉంటుంది. మంచినీళ్ళు, బ్రష్‌తో కడిగి, వెంటనే తుడిచి, ఎండలో వేడెక్కనిచ్చి నూనె రాయండి. మధ్యలో టీకి వెళ్ళొస్తే ఒళ్ళంతా నారింజ రంగు తుప్పు మళ్ళీ కప్పేస్తుంది.

కదలకుండా బిగిసిపోయిన స్క్రూ పానాకి అసిటోన్, ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే నూనె) సమానంగా కలిపి చుక్కలు వేసి రెండు రోజులు వదిలేయండి. కొలిమిలో పెట్టొద్దు. ఉక్కు నీలంగా మారిందంటే సుమారు 300 డిగ్రీలు దాటిందన్నమాట, మూతి గట్టిదనం తగ్గిపోవచ్చు. చిత్రికల్లో యుద్ధకాలపు స్టాన్లీ కంపెనీవాటికి ఇత్తడి మరకి బదులు గట్టి రబ్బరు మర ఉండొచ్చు. దాన్ని విప్పి పక్కన పెట్టి తక్కినదాన్ని కడగండి, డీజిల్‌లో వెయ్యొద్దు. 'రబ్బరు ఏమిటి, ఎవడో మార్చేశాడు' అని ఇత్తడిది బిగించేవాళ్ళున్నారు. ఆ రబ్బరే దాని వయసు చెప్పే సాక్ష్యం.

5. కామ

పాత కామ (చెక్క పిడి) పగలకపోతే మార్చొద్దు. గాజుపెంకుతో తేలిగ్గా గీకి, పెయింట్ల కొట్లో దొరికే బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ రోజుకొక పూత చొప్పున మూడు పూతలు ఇవ్వండి. నూనె తాగిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పారేయకండి, వాటంతటవే అంటుకుంటాయి. నీళ్ళలో ముంచి పారేయండి. కొత్తది వేయక తప్పకపోతే ఆరిన నల్లతుమ్మ మేలు. పచ్చి కర్ర వేస్తే ఎండాకాలానికి ముడుచుకుని సుత్తి తల ఊడి వస్తుంది.

6. పెట్టె

రేకు పెట్టెకి ముందు రంగుల పొరలు చూడండి. మూత లోపలి మూల రూపాయి బిళ్ళంత చోట తడిపి బ్లేడుతో పొర పొరగా గీకితే అడుగు రంగు దొరుకుతుంది. 1941 తరవాత బ్రిటిష్ వాహనాలకి గోధుమ రంగు వేశారు, 1944 నుంచి ఆలివ్. ఆ పొర నిలిచి ఉంటే మిగతాదంతా అలాగే ఉంచి, సబ్బునీళ్ళతో కడిగి మైనం రాస్తే సరి. సొట్టలు లోపలి నుంచి చెక్క సుత్తితో, కింద ఇసక మూట పెట్టి లేపండి. ఇనుప సుత్తితో కొడితే రేకు సాగి ఉబ్బుతుంది. అడుగు తుప్పుకి చిల్లులు పడితే రేకు కోసి రివెట్లు కొట్టాలి. వెల్డింగ్ పెడితే చుట్టూ రంగు కాలుతుంది. అందులోని సీసం పొగ మీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చెక్క పెట్టెకి చెద పట్టి ఉంటే, తొలిచిన పలక ఒక్కటే మార్చి, పాత ఇత్తడి స్క్రూలనే తిరిగి బిగించండి.

7. వానాకాలం

జూన్ నుంచి అక్టోబరు దాకా ఈ వైపు గాలంతా తేమే. న్యూస్‌పేపరు, తోలు సంచి రెండూ తేమ పీల్చి ఇనుముకి అంటిస్తాయి. పలచగా నూనె రాసిన గుడ్డలో చుట్టి, పెట్టెలో రెండు సిలికా జెల్ సంచులు వేయండి. వాన కురుస్తుండగా పెట్టె తెరవాల్సి వస్తే, ముట్టుకున్న ప్రతి ముక్కనీ మళ్ళీ నూనె గుడ్డతో తుడిచి మూయండి. చేతి చెమట పడిన చోట తెల్లారేసరికి వేలిముద్ర ఆకారంలోనే తుప్పు పడుతుంది.