విదేశం నుంచి చవగ్గా కారు విడిభాగాలా? ముందు పాతది విప్పి చూడండి

కంపెనీ వెళ్లిపోయింది, కారు మిగిలింది. నాలాంటివాళ్లు తెలుగు నేల మీద చాలామందే ఉన్నారు. షెవ్రొలే 2017 చివరికల్లా మన దేశంలో కార్ల అమ్మకం ఆపేసింది. ఇక్కడ తయారీ మానేస్తున్నామని ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ప్రకటించింది. ఇలాంటి కార్లకు ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. హెడ్‌లైటో, డోర్ హ్యాండిలో, బొటనవేలంత సెన్సరో కావాల్సి వచ్చినప్పుడే అసలు తిరుగుడు మొదలవుతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో నాలుగు దుకాణాలు ఎక్కి దిగి, విజయవాడ ఆటోనగర్‌కు ఫోన్లు చేసి, విసిగిపోయి రాత్రి పదకొండు గంటలకు ఫోనులో వెతుకుతాం. సముద్రం అవతల ఎవరో అదే వస్తువును సగం ధరకు అమ్ముతూ కనిపిస్తాడు. ఆ పదకొండు గంటల వేళ ఆర్డరు పెట్టకండి. నేను పెట్టాను.

నాది షెవ్రొలే క్రూజ్ డీజిల్. కుడి హెడ్‌లైట్ పగిలింది. ఇక్కడ చెప్పిన ధరలో సగం కూడా లేదు ఆ విదేశీ అమ్మకందారు ధర. మూడు వారాల తర్వాత పెట్టె వచ్చింది. బోల్టులు సరిగ్గా కూర్చున్నాయి, కనెక్టరు టక్కున పట్టింది. నేనూ మెకానిక్కూ ఒకరినొకరు చూసి నవ్వుకున్నాం. ఆ రాత్రి అపార్టుమెంటు సెల్లారులో గోడకు ఎదురుగా కారు ఆపి డిమ్ లైటు వేస్తే అసలు సంగతి బయటపడింది. ఎడమ హెడ్‌లైట్ వెలుగు గోడ మీద అడ్డగీతలా సమంగా వచ్చి, ఎడమ చివర కొంచెం పైకి లేచింది. అది సరైన తీరు. మనం రోడ్డుకు ఎడమ వైపున నడుపుతాం కాబట్టి పాదచారులు, మైలురాళ్లు కనపడాల్సింది ఆ వైపే. కొత్తది మాత్రం కుడి చివర పైకి లేచింది. అంటే ఎదురుగా వచ్చే లారీ డ్రైవరు కళ్లలోకి. చైనా, అమెరికా రోడ్ల మీద కుడి వైపున నడిచే కారు కోసం చేసిన లైటు అది. కారు పేరు అదే, బోల్టులు అవే, వెలుగే వేరు.

ఆ తేడాను డబ్బు కట్టకముందే పట్టుకోవచ్చని తర్వాత తెలిసింది. ఐరోపా ప్రమాణాల ప్రకారం చేసిన హెడ్‌లైట్ అద్దం మీద వృత్తంలో ఇంగ్లీషు 'E' అక్షరం, పక్కన ఒక అంకె ఉంటాయి. దాని దగ్గర బాణం గుర్తు చూడండి. లైటుకు ఎదురుగా నిలబడి చూసినప్పుడు బాణం మీ కుడి వైపు చూపిస్తే అది మనలా ఎడమ వైపున నడిపే దేశాలకు చేసినది. రెండు వైపులా ములుకులుంటే రెండింటికీ పనికొస్తుంది. బాణమే లేకపోతే మనకు పనికిరాదు. అమ్మకందారును ఆ గుర్తు దగ్గరగా ఫొటో తీసి పంపమని అడగండి. పంపనంటే వదిలేయండి. నా కారుకైతే బ్రిటన్‌లోనో ఆస్ట్రేలియాలోనో వెతకాల్సింది. అక్కడా స్టీరింగు కుడి వైపే.

హెడ్‌లైట్ ఒక్కటే కాదు. వైపర్ లింకేజీ, డాష్‌బోర్డు ముక్కలు, స్టీరింగు ర్యాక్, డ్రైవరు వైపు పవర్ విండో స్విచ్చుల పలక, ఇవన్నీ స్టీరింగు ఏ వైపున్నదో దాన్ని బట్టి మారతాయి. డల్లాస్‌లో ఉన్న మేనల్లుడు వస్తూ తెస్తాడు కదా అనుకునేవారు ముఖ్యంగా గుర్తు పెట్టుకోవాలి. ఇక్కడి నుంచి ఆవకాయ, అక్కడి నుంచి సెన్సరు, ఈ ఇచ్చిపుచ్చుకోవడం బాగానే ఉంటుంది గానీ, అమెరికాలో అదే పేరుతో అమ్మిన కారులో ఇంజనే వేరై ఉండవచ్చు.

అందుకే మోడల్ పేరు, సంవత్సరం చూసి కొనకండి. పాత భాగాన్ని విప్పించి, మట్టి తుడిచి, దాని మీద అచ్చు వేసిన నంబరును ఫొటో తీసుకోండి. చివర ఒక అక్షరం తేడా ఉన్నా అది వేరే వస్తువు కావచ్చు, లేదా దానికి బదులుగా వచ్చిన కొత్త రకం కావచ్చు. ఏది నిజమో అడిగి తేల్చుకోండి. ఆర్‌సీలో ఉండే పదిహేడు అక్షరాల ఛాసిస్ నంబరు కూడా అమ్మకందారుకు ఇచ్చి సరిపోతుందా అని రాతపూర్వకంగా అడగండి. ఆ నంబరులో ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అక్షరాలు ఎప్పుడూ ఉండవు. గుండ్రంగా కనిపించేది సున్నానే. ఈ చిన్న పొరపాటుతో తప్పు భాగం తెప్పించుకున్నవారిని చూశాను.

ఇక ఏది కొనవచ్చు, ఏది కొనకూడదు? నాకు నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే. విజయవాడ హైవే మీద తొంభైలో పోతుండగా ఇది విరిగితే ఏమవుతుంది? కప్ హోల్డరు, సన్ వైజర్ క్లిప్పు, డోర్ హ్యాండిల్, రిమోట్ తాళం పైతొడుగు, తప్పుల కోడ్లు చదివే చిన్న ఓబీడీ రీడరు, ఇవి విరిగితే విసుక్కుంటాం, అంతే. ధైర్యంగా కొనండి. బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ గొట్టాలు, సస్పెన్షన్ ఆర్మ్‌లు, బాల్ జాయింట్లు, టైమింగ్ బెల్టు మాత్రం ఎంత చవగ్గా వచ్చినా పేరు తెలియని అమ్మకందారు దగ్గర వద్దు. ఇక్కడ నాది మొండిపట్టే, బేరం లేదు.

ఎయిర్‌బ్యాగ్ గురించి విడిగా చెప్పాలి. 2024 జులైలో అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. నాసిరకం ఎయిర్‌బ్యాగ్ ఇన్‌ఫ్లేటర్లు (సంచిని ఉబ్బించే పరికరాలు) బిగించిన కార్లలో తొమ్మిది నెలల్లో ముగ్గురు చనిపోయారు, ఇద్దరు తీవ్రంగా గాయపడ్డారు. మామూలుగా అయితే ప్రాణాలతో బయటపడాల్సిన ప్రమాదాలవి. సంచి ఉబ్బాల్సిన చోట ఇన్‌ఫ్లేటరే పేలి, లోహపు ముక్కలు ఛాతీలోకి, మెడలోకి దూసుకుపోయాయి. అమెరికాలో గతంలో ప్రమాదానికి గురైన సెకండ్‌హ్యాండ్ కారు కొంటున్న మనవాళ్లు కొనేముందే ఎయిర్‌బ్యాగ్ తనిఖీ చేయించుకోవాలి. ఇక్కడ ఉన్నవాళ్లు దీన్ని పార్శిల్‌లో తెప్పించే ఆలోచనే మానుకోండి. లోపల మందుగుండు ఉంటుంది కాబట్టి అది మామూలు సరుకు కాదు.

సెన్సర్ల సంగతి వేరు. నకిలీ సెన్సరు వెంటనే చచ్చిపోతే మన అదృష్టం. గాలి ప్రవాహాన్ని కొలిచే సెన్సరు కొద్దిగా తప్పు లెక్క చెబుతూ ఉంటే ఇంజన్ కంప్యూటర్ దాన్నే నమ్మి ఇంధనం పోస్తుంది. మైలేజీ తగ్గుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ ఉండదు, డీజిల్ బండి నల్ల పొగ వదులుతుంది. మీరు ఇంజెక్టర్లు కడిగిస్తూ, డబ్బు ఖర్చు పెడుతూ తిరుగుతారు. పెట్రోలు కార్లవారికి స్పార్క్ ప్లగ్గులది ఇలాంటి బాధే. ఇరిడియం అనే లోహం వాడిన ప్లగ్గు కొన సన్నగా ఉంటుంది. ఎన్‌జీకే ఇరిడియం ఐఎక్స్‌లో 0.6 మిల్లీమీటర్లు, డెన్సో ఇరిడియం పవర్‌లో 0.4. డబ్బా మీద ఇరిడియం అని ఉండి, కొన మామూలు ప్లగ్గులా మందంగా ఉంటే అది డబ్బాకే పరిమితమైన ఇరిడియం. ఎన్‌జీకే ప్లగ్గు మర చుట్లకు పైన ఉండే వాషరు వేళ్లతో లాగితే సులువుగా ఊడిరాకూడదు. చేతిలోకి వచ్చేస్తే ప్లగ్గును పక్కన పెట్టేయండి.

డబ్బు లెక్క. తెరమీద కనిపించేది ధర కాదు. వస్తువు ధరకు రవాణా ఖర్చు, బీమా కలిపి ఆ మొత్తం మీద కస్టమ్స్ సుంకం వేస్తారు. సుంకం కలిపిన మొత్తం మీద మళ్లీ ఐజీఎస్టీ, అంటే దిగుమతి సరుకు మీద పడే జీఎస్టీ. విడిభాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గడం కొంత ఊరట. పైన కొరియర్ కంపెనీ తన సేవా రుసుము కలుపుతుంది. నేనైతే వస్తువు, రవాణా కలిపిన దానికి మరో నలభై శాతం పక్కన పెట్టుకుని, అప్పుడు రాణిగంజ్ ధరతో పోల్చి చూస్తాను. సగం సార్లు ఆర్డరు అక్కడే ఆగిపోతుంది.

అమ్మకందారు ప్రేమగా "పెట్టె మీద బహుమతి అని రాస్తాను, విలువ ఐదు డాలర్లు వేస్తాను" అంటాడు. ఒప్పుకోకండి. రాఖీలు, ప్రాణరక్షక మందులు తప్ప, సుంకం కట్టకుండా బహుమతి పేరుతో పోస్టులో, కొరియర్‌లో దిగుమతిని మన దేశం 2019 డిసెంబరులోనే నిషేధించింది. పైగా పార్శిల్ పోతే మీకు వచ్చే పరిహారం ఆ ఐదు డాలర్ల లెక్కనే. విదేశీ తుక్కు యార్డుల నుంచి వాడిన గేర్‌బాక్సులు, లైట్లు తెప్పించడమూ చిక్కే. వాడిన వస్తువుల దిగుమతికి అనుమతి కావాలి. కొరియర్ వాళ్లు కేవైసీ పత్రాలు అడుగుతారు. వాటిని కొరియర్ సంస్థ సొంత వెబ్‌సైటులోనే ఇవ్వండి. "పార్శిల్ కస్టమ్స్‌లో ఆగింది, ఇక్కడ నొక్కి డబ్బు కట్టండి" అని వచ్చే సందేశాల్లో మోసాలు ఎక్కువ.

చైనా ఆన్‌లైన్ దుకాణం అలీఎక్స్‌ప్రెస్ యాప్‌ను కేంద్రం 2020 నవంబరులో నిషేధించాక వాట్సాప్‌లో "తెప్పించి ఇస్తాం" అనేవాళ్లు తయారయ్యారు. బిల్లు ఉండదు, ముందే పూర్తి డబ్బు అడుగుతారు. వాళ్ల జోలికి పోవద్దు. క్రెడిట్ కార్డుతో, ఆ అమ్మకపు వేదిక లోపలే చెల్లించండి. మాటలన్నీ అక్కడే రాతలో ఉండనివ్వండి.

అసలు ఆట తేదీలతో. నా హెడ్‌లైట్ అమ్మిన అతను మొదట వారం ఆగమన్నాడు. తర్వాత ఇరవై శాతం వెనక్కి ఇస్తాను, ఫిర్యాదు మూసేయమన్నాడు. ఆ తర్వాత నీ ఖర్చుతో వెనక్కి పంపమన్నాడు. పంపడానికి అయ్యే ఖర్చు లైటు ధరకంటే ఎక్కువ. ఈలోపు ఫిర్యాదు గడువు దాటింది. గడువు వేదికను బట్టి మారుతుంది. ఈబేలో వస్తువు చెప్పినట్లు లేదంటే అందిన 30 రోజుల్లోపు చెప్పాలి. వస్తువు అందిన రోజే ఆ తేదీని క్యాలెండరులో రాసుకోండి. పెట్టె తెరిచేటప్పుడు ముద్ర నుంచి భాగం నంబరు దాకా ఆపకుండా వీడియో తీయండి. వచ్చిన రెండు రోజుల్లోనే బిగించి చూడండి, వచ్చే నెల సర్వీసింగ్‌లో చూద్దామని అటక మీద పెట్టకండి. డబ్బు చేతికి రాకముందు ఫిర్యాదు మూయకండి. మూసినదాన్ని మళ్లీ తెరిపించడం మన వల్ల కాదు.

చివరిగా మీ మెకానిక్‌ను ముందే అడగండి. తాము తెచ్చిన భాగానికే చాలా షెడ్లలో పూచీ ఇస్తారు, మీరు తెచ్చినదానికి ఇవ్వరు. బంపరు విప్పితే గానీ బయటికి రాని హెడ్‌లైట్‌కు లేబర్ తక్కువేమీ కాదు. "తేడా వస్తే మళ్లీ విప్పాలి సార్, అప్పుడు లేబర్ మళ్లీ ఇవ్వాలి" అని మా మెకానిక్ మొదటి రోజే చెప్పాడు. ఇచ్చాను.