కొండల నడుమ చారిత్రక ప్రాంతాల్లో సైకిల్ యాత్ర చేయడం ఎలా?

పూర్వకాలంలో కోటలు, మఠాలు, ప్రాకారాలున్న ఊళ్ళు ఎక్కువగా గుట్టల మీద వెలిశాయి. పై నుంచి చూస్తే శత్రువు దూరంలో ఉండగానే కనబడతాడు, కింది నుంచి ఎక్కి రావడం అతనికి కష్టమవుతుంది. ఆనాటి వారికి రక్షణ ఇచ్చిన ఆ ఎత్తే ఈనాడు సైకిల్ మీద వెళ్ళే వారికి శ్రమ పెడుతుంది. ఇలాంటి ప్రాంతాల్లో చూడదగిన చోటు ప్రతిదానికీ ముందు ఒక ఎక్కుడు ఉంటుందనుకొని బయలుదేరాలి. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తొక్కాలన్న లెక్క ఇక్కడ అంతగా పనికిరాదు. మొత్తం ఎంత ఎత్తు ఎక్కాలి, ఆ ఎత్తును ఎలాంటి దారి మీద ఎక్కాలి అన్న రెండు ప్రశ్నలే యాత్రను నిర్ణయిస్తాయి. రెండో ప్రశ్నకు జవాబు చాలా వరకు ఆ దారి చరిత్రలోనే దొరుకుతుంది.

ఒక దారిని ఎవరు, ఏ వాహనం కోసం వేశారో తెలిస్తే దాని వాలును ముందే ఊహించవచ్చు. ఉక్కు పట్టాల మీద ఉక్కు చక్రాలకు పట్టు తక్కువ కాబట్టి రైలు మార్గాల వాలు సాధారణంగా రెండు మూడు శాతం దాటదు, అంటే వంద మీటర్ల దూరానికి రెండు మూడు మీటర్ల ఎత్తు మించదు. అందుకే మూతపడిన పాత రైలు మార్గాలను సైకిల్ బాటలుగా మార్చిన చోట్ల కొండ ప్రాంతంలో కూడా సామానుతో హాయిగా సాగిపోవచ్చు. 1902 నుంచి 1935 వరకు ఏడ్రియాటిక్ సముద్ర తీరాన ఇస్ట్రియా ద్వీపకల్పంలో త్రియెస్తె, పోరెచ్ పట్టణాల మధ్య నడిచిన పరెంజానా చిన్నరైలు మార్గం ఇందుకు చక్కని ఉదాహరణ. అయితే ఆ బాట మోతోవున్ ఊరి గుట్ట అడుగు నుంచి సాగిపోతుంది, ప్రాకారాలతో కూడిన ఆ పాత ఊరు మాత్రం గుట్ట పైన ఉంటుంది. బాట సులువుగా ఉన్నంత మాత్రాన చూడవలసిన చోటికి చేరడం కూడా సులువేనని అనుకోకూడదు.

గుర్రపు బండ్ల కోసం వేసిన కనుమ దారుల తీరు వేరు. బరువు లాగే గుర్రాలు తట్టుకోగలిగేలా వాటిని మలుపులు తిప్పుతూ, వాలును అదుపులో ఉంచుతూ నిర్మించారు. ఆస్ట్రియా సామ్రాజ్యం కోసం కార్లో దొనెగాని అనే ఇంజనీరు 1820-25 మధ్య ఆల్ప్స్ పర్వతాల్లో, నేటి ఇటలీలో వేసిన స్టెల్వియో కనుమ దారి 2,757 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. కొండ కింద ఉన్న ప్రాటో ఊరి వైపు నుంచి ఎక్కితే 48 హెయిర్‌పిన్ మలుపులు (దాదాపు వెనక్కి తిరిగే వంపులు) వస్తాయి, కానీ సగటు వాలు ఏడు శాతం పైచిలుకే. ఇలాంటి దారి పొడవుగా ఉంటుంది గానీ నిలకడగా తొక్కేవారిని మోసం చేయదు. సైన్యం త్వరగా కదలడానికి వేసిన దారులు సూటిగా పోతూ, అడ్డొచ్చిన ప్రతి గుట్టనూ ఎక్కి దిగుతాయి. రోమన్లు వేసిన అనేక దారులు ఇలాంటివే. ఉత్తర ఇంగ్లండులో రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ వెంబడి 18వ శతాబ్దంలో వేసిన సైనిక రహదారి కూడా ఇదే పద్ధతిలో సూటిగా సాగుతుంది. వీటన్నిటికంటే కఠినమైనవి కాలినడక వారికీ, కంచర గాడిదలకూ ఏర్పడిన బాటల మీద తరువాతి కాలంలో తారు వేసిన దారులు. పటంలో అవి చాలా దగ్గరి దారులుగా కనిపిస్తాయి, కానీ సామానుతో ఉన్న సైకిల్‌ను పన్నెండు, పదిహేను శాతం వాలు మీద నెట్టుకుంటూ నడిచే పరిస్థితి తెస్తాయి. దూరం ఎక్కువైనా బండి దారినే ఎంచుకోవడం మేలని నా గట్టి అభిప్రాయం.

దారి ఎంచుకునేటప్పుడు కాంటూరు రేఖలున్న, అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలున్న పటం తప్పక చూడాలి. దారి ఆ రేఖల వెంట సాగితే చదునుగా ఉంటుంది, వాటిని దగ్గర దగ్గరగా దాటుకుంటూ పోతే నిటారుగా ఉంటుంది. నది వెంట లోయలో గానీ, శిఖరరేఖ మీద గానీ సాగే దారి కంటే లోయలను అడ్డంగా దాటే దారి చాలా ఎక్కువ అలసట కలిగిస్తుంది, ఎందుకంటే ఎక్కిన ఎత్తునంతా మళ్ళీ మళ్ళీ పోగొట్టుకోవలసి వస్తుంది. సామాను కట్టుకున్న మామూలు శక్తి గల మనిషి గంటకు నాలుగైదు వందల మీటర్ల ఎత్తు ఎక్కగలడని లెక్క వేసుకోవచ్చు. దీని ప్రకారం వెయ్యి మీటర్ల ఎత్తున్న రోజు ఎక్కడానికే రెండు గంటలకు పైగా పడుతుంది. కొత్తవారు మొదటి రెండు మూడు రోజులు ఎనిమిది వందల మీటర్లు దాటకుండా చూసుకుంటే, కోటలో తిరగడానికి కాళ్ళలో సత్తువ మిగులుతుంది.

ఇక సైకిల్ విషయానికి వస్తే, అన్నిటికంటే ముందు చూసుకోవలసింది అతి తేలికైన గేరు. మనిషి, సైకిల్, సామాను కలిపి వంద కిలోలున్నాయనీ, తొక్కేవారు నూట యాభై వాట్ల శక్తిని నిలకడగా ఇవ్వగలరనీ అనుకుంటే, ఎనిమిది శాతం వాలు మీద వేగం గంటకు ఆరు కిలోమీటర్లకు కాస్త ఎక్కువగా ఉంటుంది. చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. ముందు పళ్ళచక్రానికి 30 పళ్ళు, వెనుక పెద్ద పళ్ళచక్రానికి 36 పళ్ళు ఉంటే, ఆ వేగంలో పెడల్ నిమిషానికి అరవై సార్లు తిరుగుతుంది, ఇది మోకాళ్ళకు ఓర్చుకోదగిన లయ. అదే ముందు 34, వెనుక 28 పళ్ళు ఉన్న సైకిల్ మీద నిమిషానికి నలభై సార్ల దగ్గరే తొక్కుతూ, ప్రతి తొక్కుడులోనూ దాదాపు ఒకటిన్నర రెట్ల బలం పెట్టవలసి వస్తుంది. మోకాళ్ళ నొప్పులు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. ముందు పళ్ళచక్రం కంటే వెనుకది పెద్దదిగా ఉండేలా గేర్లు మార్పించుకోవడానికి పెట్టే ఖర్చు, ఖరీదైన తేలికపాటి ఫ్రేము మీద పెట్టే ఖర్చు కంటే ఎంతో ఉపయోగకరం. వెలోసియో అనే కలం పేరుతో రాసిన ఫ్రాన్స్ దేశస్థుడు పాల్ ద వివీ (1853-1930) ఒకటికి మించిన గేర్లు అవసరమని తన కాలంలోనే పట్టుబట్టి ప్రచారం చేశాడు. టూర్ ద ఫ్రాన్స్ పందెంలో పోటీదారులందరికీ గేర్లు మార్చే యంత్రాన్ని అనుమతించింది మాత్రం 1937లోనే.

టైర్ల వెడల్పు 38 నుంచి 45 మిల్లీమీటర్ల మధ్య ఉంటే పాత ఊళ్ళలోని రాతి పరుపు వీధులనూ, కంకర బాటలనూ తట్టుకుంటాయి. గాలి మరీ బిగువుగా కొట్టకూడదు. సామానును వీలైనంత కిందుగా, రెండు పక్కలా సమానంగా కట్టాలి. అంతా వెనుకే కడితే నిటారు ఎక్కుడులో ముందు చక్రం తేలిపోయి హ్యాండిల్ అదుపు తప్పుతుంది.

ఎక్కేటప్పుడు మొదటి పావుగంట నెమ్మదిగా తొక్కడం అలవాటు చేసుకోవాలి. పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత శ్వాస మిగిలి ఉంటే వేగం సరిగ్గా ఉన్నట్టే. వాలు పెరిగిన తరువాత గేరు మారిస్తే చైన్ మీద బరువు పడి మొరాయిస్తుంది కాబట్టి, ముందు చూపుతో కాస్త ముందే మార్చాలి. హెయిర్‌పిన్ మలుపుల్లో లోపలి అంచు నిటారుగా, బయటి అంచు తేలికగా ఉంటుంది. అయితే దారి ఖాళీగా ఉందని స్పష్టంగా కనబడినప్పుడే, మన పక్క దాటకుండా బయటి వైపు జరగాలి. తిండి, నీళ్ళ విషయంలో ఆకలి వేయకముందే తినాలి, దాహం వేయకముందే తాగాలి అని వెలోసియో చెప్పిన సూత్రం ఇప్పటికీ శిరోధార్యమే. వంద కిలోల బరువును వెయ్యి మీటర్ల ఎత్తుకు చేర్చడానికి శరీరం సుమారు వెయ్యి కేలరీలు ఖర్చు చేస్తుంది, ఎందుకంటే కండరాలు ఖర్చు చేసే శక్తిలో నాలుగో వంతు మాత్రమే పెడల్‌కు చేరి, మిగిలినది వేడిగా పోతుంది. కనుక ఎక్కుడు మొదలయ్యే ఊళ్ళోనే సీసాలు నింపుకొని, అరగంటకొకసారి కొద్దికొద్దిగా తింటూ పోవాలి.

ఎక్కడం అలసట కలిగిస్తుంది, దిగడం ప్రమాదం తెస్తుంది. అందువల్ల దిగుడుకు మరింత శ్రద్ధ ఇవ్వాలి. ఎంతో కష్టపడి సంపాదించిన ఎత్తంతా దిగేటప్పుడు గాలి నిరోధంగానూ, బ్రేకుల్లో వేడిగానూ మారిపోతుంది. భయంతో బ్రేకులను వదలకుండా పట్టుకొని నెమ్మదిగా దిగితే దాదాపు ఆ వేడి అంతా బ్రేకుల మీదే పడుతుంది. రిమ్ము మీద పట్టే బ్రేకులైతే రిమ్ము కాలిపోయి ట్యూబు పేలే అవకాశం ఉంది, డిస్కు బ్రేకులైతే పట్టు సన్నగిల్లవచ్చు. ముందు దూరం వరకు కనిపించే సూటి భాగంలో కొంత వేగం రానిచ్చి, మలుపుకు ముందే రెండు బ్రేకులూ గట్టిగా పట్టి వేగం తగ్గించి, మలుపులోకి ప్రవేశించేటప్పుడు వదిలేయడం సరైన పద్ధతి. మలుపు తిరిగేటప్పుడు బయటి వైపు పెడల్‌ను కిందికి ఉంచి దాని మీద బరువు మోపి, చూపును దారి బయటపడే చోటు మీద నిలపాలి. వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుందని మరువకూడదు. గ్రామీణ దారుల్లో మలుపు అవతల ట్రాక్టరో, పశువుల మందో, పొలం నుంచి కొట్టుకొచ్చిన బురదో ఉండవచ్చు కాబట్టి, కనబడుతున్నంత దూరంలో ఆగగలిగే వేగాన్ని మించకూడదు. తడిసిన రాతి పరుపు మీదా, రాలిన ఆకుల మీదా ముందు బ్రేకును చాలా మృదువుగా వాడాలి. బ్రేకు దిమ్మల అరుగుదలను ప్రతి ఉదయం చూసుకోవడం తప్పనిసరి.

ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. చెమటతో తడిసిన ఒంటితో దిగితే గాలికి చేతివేళ్ళు బిగుసుకొని బ్రేకు పట్టడమే కష్టమవుతుంది. పైకి చేరగానే, చలి అనిపించకముందే, గాలి చొరబడని చొక్కా, చేతి తొడుగులు వేసుకోవాలి. ఎండాకాలంలో కొండల మీద ఉరుముల వాన ఎక్కువగా మధ్యాహ్నం తరువాత వస్తుంది కనుక పెద్ద ఎక్కుడును ఉదయమే ముగించాలి.

చారిత్రక స్థలానికి చేరాక సైకిల్ ఎక్కడి వరకు వెళ్ళవచ్చో అక్కడి సూచన పలకలు చూసి తెలుసుకోవాలి. పాత మట్టి కట్టల మీద, శిథిల గోడల పక్కన పచ్చిక మీద చక్రాలు నడిపితే శతాబ్దాలుగా నిలిచిన పొరలు కోతకు గురవుతాయి. హేడ్రియన్ గోడ వెంట నడకదారి వేరుగా, సైకిల్ దారి వేరుగా ఏర్పాటు చేశారు. కోట మెట్లు ఎక్కడానికి వీలుగా మెత్తని అడుగున్న బూట్లు ధరించడం మంచిది, పెడల్‌కు బిగించుకునే గట్టి అడుగు బూట్లు అరిగిన రాళ్ళ మీద జారతాయి. సామానంతా విప్పడం సాధ్యం కాదు కాబట్టి ముఖ్యమైన కాగితాలు, డబ్బు, ఫోను ఒకే చిన్న సంచిలో పెట్టుకొని భుజాన వేసుకొని వెళ్ళాలి.

పల్లెటూళ్ళ మధ్య మరమ్మతు దుకాణం దొరకకపోవచ్చు. రెండు ట్యూబులు, పంక్చర్ సామాను, గాలిపంపు, చైన్ కలిపే లంకె, బ్రేకు దిమ్మలు, మన చక్రానికి సరిపోయే స్పోకులు రెండు మూడు వెంట ఉండాలి. ప్రతి రోజు దారిలో కనీసం ఒక చోట, ఎక్కుడును వదిలి లోయలోని రైలు స్టేషనుకో, బస్సు దారికో దిగిపోగల మళ్ళింపును ముందు రాత్రే పటం మీద గుర్తు పెట్టుకోవాలి.