గది కెమెరా, 4వ పాఠం: టేపు పట్టుకోండి

గది కెమెరా అంటే గదే కెమెరా: గదిని చీకటి చేసి, గోడలో లెన్సు బిగించి, లోపల ట్రేసింగ్ కాగితం మీద బొమ్మ చూసుకుని, అదే చోట ఎక్స్‌రే ఫిల్మ్ పెట్టి ఫొటో తీస్తాం. పోయిన పాఠంలో నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. "480 లెన్సుకు కాగితం 480 మిల్లీమీటర్ల దూరంలో పెట్టండి" అని రాసి ఊరుకున్నాను. ఎదురింటి నీళ్ల ట్యాంకు మీద ప్రయత్నించినవాళ్లకు బొమ్మ స్పష్టంగానే వచ్చింది, ఫిల్మ్ నాలుగు మూలలూ మాత్రం ఖాళీగా మిగిలాయి. కిటికీ బయట కుర్చీ వేసి మనిషిని కూర్చోబెట్టినవాళ్లకు ముఖం ఉండాల్సిన చోట మబ్బు కనిపించింది. కాగితాన్ని తామే వెనక్కి జరిపి ముఖాన్ని పట్టుకున్న చురుకైనవాళ్లు కొందరున్నారు. వాళ్ల ఎక్స్‌రే ఫిల్మ్ కడిగాక నీలంగా, గీత కూడా లేకుండా బయటికొచ్చింది. ఇవి మూడు జబ్బులనుకుని మూడు మందులు అడిగారు. జబ్బు ఒకటే. లెన్సు మీద చెక్కిన అంకెలు దూరాన ఉన్న వస్తువులకే నిజం. వస్తువు దగ్గరికి వచ్చేకొద్దీ ఫోకస్ దూరం మారుతుంది, బొమ్మ పడే వలయం మారుతుంది, వెలుతురు మారుతుంది. మూడూ కలిసే మారతాయి.

గదిని చీకటి చేయడం గురించి మళ్లీ చెప్పను. తలుపు వేసుకుని పది నిమిషాలు కూర్చున్నాక మీ చేయి మీకు కనబడుతుంటే కన్నాలు ఇంకా ఉన్నట్టే.

ముందు ఫోకస్ సంగతి. లెన్సు మీద చెక్కిన 480 అంటే దూరపు వస్తువు బొమ్మ స్పష్టంగా పడే దూరం, మిల్లీమీటర్లలో. పాఠ్యపుస్తకంలో దీన్ని నాభ్యంతరం అంటారు. నేను ప్రెస్సులో నేర్చుకున్నవాణ్ణి కాబట్టి ఫోకల్ లెంగ్త్ అనే అంటాను. బొమ్మ అసలు వస్తువులో ఎన్నో వంతు ఉండాలో మొదట తేల్చుకోండి. సగం కావాలంటే కాగితం ఫోకల్ లెంగ్త్‌కు ఒకటిన్నర రెట్లు, అంటే 720 మిల్లీమీటర్లు. వస్తువు మూడు రెట్లు, అంటే 1,440. అచ్చంగా అసలు సైజే కావాలంటే ఇటు 960, అటు 960. 17 అంగుళాల ఫిల్మ్ నిలువుగా పెడితే, సగం సైజులో మనిషి తల నుంచి నడుము దాకా పడతాడు. ఆ కొలత నాకు ఇష్టం. అసలు సైజు ముఖం చూడటానికి గొప్పగా ఉంటుంది కానీ ఎఫ్ 9 దగ్గర, అంటే అపర్చర్ (లెన్సు లోపలి రంధ్రం) బాగా తెరిచినప్పుడు, ముక్కు కొన తేలితే కళ్లు మునుగుతాయి.

నా అడ్డదారి ఒకటుంది. మామూలు కెమెరాలో లెన్సును కదిపి ఫోకస్ చేస్తాం. ఇక్కడ లెన్సు గోడలో బిగించి ఉంది. కాబట్టి కాగితాన్ని కావలసిన దూరంలో బిగించేసి, ఇక దాని జోలికి పోకండి. బయట కుర్చీని జరపండి. కాగితాన్నీ కుర్చీనీ రెండింటినీ జరుపుతూ పోతే సాయంత్రమైపోతుంది, ఫోకస్ మాత్రం దొరకదు.

మనం ఇంట్లో చేస్తున్నది వింతేమీ కాదు. ఆఫ్‌సెట్ ప్రెస్సుల్లో, అచ్చు వేయాల్సిన బొమ్మలను ఫిల్మ్ మీదికి ఎక్కించే ప్రాసెస్ కెమెరా ఇలాగే ఉండేది. గోడకు ఒకపక్క వెలుతురు గదిలో కాపీ బోర్డు (అసలు బొమ్మను బిగించే పలక), లైట్లు. ఇంకోపక్క డార్క్ రూమ్‌లో ఫిల్మ్‌ను పీల్చి పట్టుకునే వాక్యూమ్ బ్యాక్. నేను నిలబడి పనిచేసింది కెమెరా లోపలే. మ్యాపుల వంటి పెద్ద పనులకు ఇంకా పొడవైన లెన్సులు వాడేవారు. నికాన్ సంస్థ తయారుచేసిన 1,780 మిల్లీమీటర్ల ఆపో నిక్కోర్ అలాంటిది. అసలు సైజులో తీయాలంటే దానికి కాపీ బోర్డు నుంచి ఫిల్మ్ దాకా ఏడు మీటర్లు దాటుతుంది. అందుకే అవి గదులంత ఉండేవి. పోలరాయిడ్ సంస్థ 1970లలో బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో పెట్టిన 40 x 80 అంగుళాల కెమెరా కూడా అంతే. తైలవర్ణ చిత్రాలను అసలు సైజులో కాపీ తీయడానికి మనుషులు అందులోకి వెళ్లి పనిచేసేవారు.

ఇక మూలలు. మన 480 లాంటి ప్రాసెస్ లెన్సులు సుమారు 45 డిగ్రీల కోణమే చూస్తాయి. ట్యాంకును తీసేటప్పుడు 480 లెన్సు వేసే వలయం వ్యాసం 400 మిల్లీమీటర్ల లోపు. మీ 14 x 17 అంగుళాల ఫిల్మ్ కర్ణం 559. మూలలకు వెలుతురు ఎక్కడ నుంచి వస్తుంది? అదే సగం సైజుకు కాగితాన్ని 720కి జరిపితే వలయం 596 అవుతుంది, ఫిల్మ్ మొత్తం నిండుతుంది. దూరపు దృశ్యమే కావాలంటే పొడవైన లెన్సు కొనక తప్పదు.

1900లో షికాగోలో జార్జ్ లారెన్స్ అనే ఫొటోగ్రాఫర్‌కు ఎదురైన చిక్కు ఇదే. ఒక రైల్వే కంపెనీ తన కొత్త రైలునంతా అతుకు లేకుండా ఒకే ఫొటోలో కావాలంది. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల ఎత్తు గాజు పలక. రైలు దూరాన ఉంటుంది కాబట్టి మన కుర్చీ ఉపాయం పనికిరాదు. అందుకని ఒకటి అయిదున్నర అడుగుల ఫోకల్ లెంగ్త్‌ది, ఇంకొకటి పది అడుగులది, రెండు లెన్సులు చేయించారు. ప్లేట్ హోల్డరుతో కలిపి కెమెరా బరువు 1,400 పౌండ్లు. పలక మీద దుమ్ము దులపడానికి ఒక మనిషి ముందు తలుపు గుండా కెమెరాలోకి వెళ్లేవాడు. తలుపు మూసి, లెన్సుకు ఎర్ర గాజు మూత పెట్టేవారు. ఆ ఎర్ర వెలుతురులో ఒంటె వెంట్రుకల కుంచెతో అంత పలకా తుడిచి బయటికొచ్చేవాడు. మీరు ఎక్స్‌రే ఫిల్మ్‌ను ఒక్కసారి ఊదడానికి బద్ధకిస్తున్నారు.

"లెన్సే లేకుండా కుదరదా?" అని అడిగారు. కుదురుతుంది. 2006లో కాలిఫోర్నియాలో ఒక పాత విమానాల షెడ్డునే కెమెరాగా మార్చి, 6 మిల్లీమీటర్ల రంధ్రంతో వంద అడుగులు దాటిన బట్ట మీద ఫొటో తీశారు. ఎక్స్‌పోజర్ 35 నిమిషాలు. మీ మనిషి అంతసేపు కదలకుండా కూర్చుంటాడంటే కానివ్వండి.

ఇప్పుడు నన్ను విసిగించే విషయానికి వస్తాను. ఖాళీ ఫిల్మ్. "మీటరు చెప్పినంతే ఇచ్చాం" అన్నారు. మీటరు వెలుతురును కొలిచి ఎక్స్‌పోజర్ సమయం చెబుతుంది, అంతే; దానికి మీ కాగితం ఎక్కడుందో తెలియదు! కాగితం వెనక్కి పోతే అదే వెలుతురు ఇంకా పెద్ద జాగాలో పరుచుకోవాలి. గరిటెడు పిండితో జానెడు అట్టు వేయవచ్చు, రెండు జానల అట్టూ వేయవచ్చు. రెండోది రెండు వంతులు పలచనవదు, నాలుగు వంతులు పలచనవుతుంది, ఎందుకంటే అడ్డంగానూ సాగింది, నిలువుగానూ సాగింది. దూరం రెట్టింపైతే సమయం రెట్టింపు చేసి, మళ్లీ ఖాళీగా వచ్చిందని అడగకండి. నాలుగు రెట్లు ఇవ్వాలి.

దూరాలు గుర్తుండవంటారా, స్కేలు పెట్టండి. 30 సెంటీమీటర్ల స్కేలును మనిషి గడ్డం పక్కన పట్టుకోమని, కాగితం మీద దాని బొమ్మను కొలవండి. 15 వస్తే సగం. దానికి ఒకటి కలపండి: 1.5. దాన్ని దానితోనే గుణించండి: 2.25. మీటరు చెప్పిన సమయాన్ని దీనితో గుణించాలి. బొమ్మ 10 సెంటీమీటర్లే ఉంటే 1.78. సరిగ్గా 30 ఉంటే 4. 45 ఉంటే, అంటే ముఖాన్ని అసలుకంటే పెద్దది చేస్తుంటే, 6.25. వరండా నీడలో మీటరు ఎఫ్ 32కి రెండు సెకన్లు చూపితే సగం సైజుకు నాలుగున్నర, అసలు సైజుకు ఎనిమిది. ఎనిమిది కూడా ఎక్కువే అనిపిస్తే అపర్చర్ తెరవండి, లెక్కను మాత్రం కుదించకండి. ఈ లెన్సులకు షట్టరు ఉండదు, మూత తీసి పెట్టడమే. అందుకే ఒక సెకను లోపు ఎక్స్‌పోజర్లు నేను పెట్టుకోను.

అభ్యాసం. ఫిల్మ్ జోలికి వెళ్లకుండా ట్రేసింగ్ కాగితంతో చేయండి. కాగితాన్ని 600, 640, 720, 800, 960 మిల్లీమీటర్ల దూరాల్లో వరసగా బిగించి, ప్రతిసారీ కుర్చీ జరిపి స్కేలు గీతలు తేటపడేదాకా ఆగండి. స్కేలు బొమ్మ వరసగా 7.5, 10, 15, 20, 30 సెంటీమీటర్లు రావాలి. అన్నిటిలోనూ తేడా ఒకే వైపుకు వస్తుంటే టేపు తప్పుచోట పట్టారు; ముందు గాజు అంచు నుంచి కాదు, అపర్చర్ రింగు నుంచి కొలవాలి. అయిదూ కుదిరాక ఒక ఫిల్మ్‌ను అయిదు ముక్కలు చేసి, ఒక్కో దూరంలో ఒక్కో ముక్కకు లెక్క ప్రకారం ఎక్స్‌పోజర్ ఇవ్వండి. ఒకే డెవలపర్‌లో, ఒకే సమయంపాటు కడగండి. అయిదు ముక్కల నలుపూ ఒకేలా ఉండాలి.

కుర్చీలో మనిషిని పెట్టవద్దు, బూడిద గుమ్మడికాయను పెట్టండి. కదలదు, విసుక్కోదు, దాని మీది బూడిద ఎక్కడెక్కడ చెరిగిందో ఫోకస్ సరిగా ఉంటే తేటగా కనిపిస్తుంది.