పాలిప్ బయాప్సీ రిపోర్టు వచ్చేదాకా ఏం చేయాలి, వచ్చాక ఎలా చదవాలి?

"పెద్దపేగులో పాలిప్ కనిపించింది, తీసి బయాప్సీకి పంపాం" అని డాక్టర్ అనగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్ మొదలవుతుంది. పాలిప్ అంటే పేగు లోపలి గోడపై పెరిగే బుడిపె. బయాప్సీ అంటే క్యాన్సర్ అనుమానమే అనుకుంటారు చాలామంది. కానీ కొలనోస్కోపీలో (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) తీసిన పాలిప్‌ను, అనుమానం ఉన్నా లేకున్నా, మామూలుగా ల్యాబుకు పంపుతారు.

1. ఆసుపత్రి నుంచి బయల్దేరే ముందు

మత్తు పూర్తిగా దిగని పేషెంటుకు డాక్టర్ చెప్పింది గుర్తుండదు. కాబట్టి వెంట వెళ్లినవాళ్లే అడగాలి: పాలిప్‌లు ఎన్ని, ఒక్కోటి ఎన్ని మిల్లీమీటర్లు, పూర్తిగా తీశారా లేక ముక్క మాత్రమే తీశారా, రిపోర్టు ఏ రోజు వస్తుంది, దాన్ని ఎవరికి చూపించాలి? కొలనోస్కోపీ రిపోర్టును ఫైల్లో జాగ్రత్తగా పెట్టండి. దాన్ని పక్కన పెట్టుకోకుండా బయాప్సీ రిపోర్టు ఒక్కటే చదివితే సగమే తెలుస్తుంది.

2. ఎదురుచూసే రోజుల్లో

ల్యాబులో ఆ ముక్కను ఫార్మలిన్ అనే ద్రవంలో పాడవకుండా ఉంచి, మైనం దిమ్మలో బిగించి, పల్చటి పొరలుగా కోసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. దీనికి కొన్ని రోజుల నుంచి వారం దాకా పట్టడం మామూలే. మరిన్ని పొరలు కోసి చూడాల్సి వస్తే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. అంతమాత్రాన చెడు కబురేనని అనుకోనక్కర్లేదు. అలాగని "ఏమన్నా ఉంటే వాళ్లే ఫోన్ చేస్తార్లే" అని ఊరుకోవద్దు. చెప్పిన తేదీ దాటితే మీరే ఫోన్ చేయండి.

పాలిప్ తీసిన చోట రెండు వారాల దాకా రక్తస్రావం జరిగే అవకాశం ఉంటుంది. రక్తం ఎక్కువగా పోతున్నా, తగ్గని కడుపునొప్పి, జ్వరం, కళ్లు తిరగడం ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, రిపోర్టు కోసం ఆగకూడదు.

3. రిపోర్టు చేతికొచ్చాక

ముందు "డయాగ్నోసిస్" అన్న వరుస చూడండి.

హైపర్‌ప్లాస్టిక్ పాలిప్ అని ఉంటే, అందులోనూ పేగు చివరి భాగంలో చిన్నదైతే, సాధారణంగా భయం లేదు.

ఎక్కువమందిని కంగారుపెట్టేది "ట్యూబులర్ అడినోమా విత్ లో గ్రేడ్ డిస్‌ప్లేసియా" అన్న మాట (అడినోమా ఒక రకం పాలిప్, డిస్‌ప్లేసియా అంటే కణాల రూపం మారడం, లో గ్రేడ్ అంటే ఆ మార్పు తక్కువ). ఇది క్యాన్సర్ కాదు. వదిలేస్తే కొన్నేళ్లలో అటువైపు వెళ్లగల రకం, అందుకే తీసేశారు. అడినోమా అంటేనే ఎంతో కొంత డిస్‌ప్లేసియా ఉంటుంది, కాబట్టి "లో గ్రేడ్" అని కనిపిస్తే బెంబేలెత్తకండి. "సెసైల్ సెరేటెడ్" రకం పాలిప్ కూడా క్యాన్సర్‌గా మారే అవకాశమున్నదే.

"విల్లస్" (వేళ్లలా పెరిగే అడినోమా), "హై గ్రేడ్ డిస్‌ప్లేసియా" (కణాల్లో మార్పు ఎక్కువ) అని ఉన్నా, సైజు 10 మిల్లీమీటర్లు, ఆపైన ఉన్నా ఫాలోఅప్ త్వరగా పెడతారు. "అడినోకార్సినోమా" అంటే క్యాన్సరే. అప్పుడు అంచుల దాకా ఉందా, ఎంత లోతుకు వెళ్లిందన్నదాన్ని బట్టి తర్వాతి వైద్యం ఉంటుంది. కొన్నిసార్లు పాలిప్ తీయడంతోనే సరిపోతుంది.

4. మళ్లీ ఎప్పుడు?

అమెరికా నిపుణుల 2020 సిఫార్సుల ప్రకారం 10 మిల్లీమీటర్ల లోపు ట్యూబులర్ అడినోమాలు ఒకటో రెండో ఉంటే 7 నుంచి 10 ఏళ్లకు, మూడో నాలుగో ఉంటే 3 నుంచి 5 ఏళ్లకు, పెద్దవో హై గ్రేడో అయితే 3 ఏళ్లకు మళ్లీ కొలనోస్కోపీ చేయించాలి. పెద్ద పాలిప్‌ను ముక్కలుగా తీస్తే 6 నెలలకే చూస్తారు. పరీక్షకు ముందు పేగు సరిగా శుభ్రం కాకపోతే ఈ లెక్కలు వర్తించవు. మీ తేదీ మీ డాక్టర్‌తోనే రాయించుకోండి.

పెద్ద అడినోమా అని తేలితే తోబుట్టువులకూ పిల్లలకూ చెప్పండి, వాళ్లకు పరీక్ష ముందుగా అవసరం కావచ్చు. సెకండ్ ఒపీనియన్ కావాలంటే రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, ల్యాబు నుంచి స్లైడ్లు, బ్లాకులు (ముక్కను బిగించిన మైనం దిమ్మలు) కూడా అడిగి తీసుకెళ్లండి.