గాల్‌బ్లాడర్ స్కానింగ్ రిపోర్టులో క్యాన్సర్ ముప్పు ఎలా చూడాలి

స్కానింగ్‌కి ముందు ఆరేడు గంటలు ఏమీ తినకండి. తింటే పిత్తాశయం (గాల్‌బ్లాడర్) ముడుచుకుని గోడ మందంగా కనిపిస్తుంది, లోపలి గోడ మీద పెరిగే చిన్న బుడిపెలు (పాలిప్‌లు) దొరకవు.

రిపోర్టులో అంకెలు వెతకండి. రాయి 3 సెం.మీ. దాటినా, పాలిప్ 10 మి.మీ.కి చేరినా, గోడలో సున్నం పేరుకున్నా, నొప్పి లేకపోయినా సర్జన్‌ని కలవాల్సిందే. పరగడుపున గోడ మందం 3 మి.మీ. దాటకూడదు. ఒకచోటే మందంగా ఉందని రాస్తే అస్సలు అశ్రద్ధ వద్దు, సీటీ స్కాన్ గురించి అడగండి.

అమ్మకో తోబుట్టువులకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే డాక్టర్ అడగకపోయినా చెప్పండి. 2017లో ముంబైలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి పరిశోధకులు ఏబీసీబీ1, ఏబీసీబీ4 జన్యువుల దగ్గర ముప్పు పెంచే తేడాలు గుర్తించారు. అయినా మామూలు మనిషికి జన్యుపరీక్ష కన్నా స్కానింగే అక్కరకొస్తుంది.

బీహార్, యూపీ గంగా తీరాల్లో ఈ జబ్బు దక్షిణాది కంటే బాగా ఎక్కువ. అక్కడ పెరిగి ఇక్కడ స్థిరపడినవాళ్లు ఆ సంగతీ చెప్పాలి. బోరునీటి ఆర్సెనిక్, ఒంట్లో తిష్ఠవేసిన టైఫాయిడ్ క్రిములు, కల్తీ ఆవనూనె మీద అనుమానాలున్నాయి. మరిగిస్తే ఆర్సెనిక్ పోదు; నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది.

ఆపరేషన్ అయితే రాళ్లు చూసి ఊరుకోకండి. తీసిన పిత్తాశయాన్ని బయాప్సీకి పంపమని ముందురోజే అడగండి.