పాఠం 4: ఉప్పు తేలిన గోడను సంక్రాంతి పండక్కి ముందు ఏం చేయాలి

గత పాఠంలో పాత సున్నపు ఇటుక గోడ మీద తెల్లగా తేలే ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి, చేటలోకి పట్టి దూరంగా పారబోయమన్నాను. మీ మెసేజ్‌లు చూస్తే ఎక్కువమంది పైపు పెట్టి కడిగేశారు. రెండు రోజులు గోడ కొత్తదానిలా మెరిసిందట, వారం తిరక్కుండా మునుపటికంటే దట్టంగా తెల్లబారిందట. సోంపేట నుంచి ఒకామె బాత్రూం యాసిడ్‌తో రుద్దించానని రాశారు. అందుకని ఈసారి చెప్పాల్సిన రాతి మెట్ల సంగతిని చివరికి జరిపాను.

కడిగితే ఉప్పు పోదు. నీళ్లలో కరిగి మళ్లీ ఇటుకలోకే వెళుతుంది, గోడ ఆరేటప్పుడు తిరిగి పైకి వస్తుంది. యాసిడ్ ఇంకా చెడ్డది. అది గోడలోని సున్నంతో కలిసి కాల్షియం క్లోరైడ్ అనే ఉప్పుగా మారుతుంది. అది గాలిలోని తేమను లాగేస్తుంది కనుక గోడ ఎండాకాలంలో కూడా చెమ్మగానే ఉంటుంది. యాసిడ్ వాడినవాళ్లు పాత న్యూస్‌పేపర్లు నానబెట్టి, మెత్తటి గుజ్జు చేసి, అర అంగుళం మందాన గోడకు అద్దండి. ఆరి దానంతట అదే ఊడొచ్చేదాకా ముట్టుకోవద్దు. గుజ్జు ఉప్పును తనలోకి లాక్కుంటుంది. మూడు నాలుగుసార్లు చేస్తే తేడా కనిపిస్తుంది. సముద్రం పక్క ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, వాటితో ఈ పని చేయకండి.

చలిదేశాల్లో ఇటుకలోని నీరు గడ్డకట్టి, దాదాపు 9 శాతం ఉబ్బి ఇటుకను చీలుస్తుంది. మన దగ్గర ఆ పని ఉప్పు చేస్తుంది. వానాకాలమంతా గోడ నీళ్లు తాగుతుంది. ఆపైన 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ లాంటి అక్టోబర్ తుఫానులొస్తే సముద్రపు తుంపర కూడా అందులో కలుస్తుంది. మార్గశిరంలో గాలి పొడిబారుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు కరుగుతుంది, తగ్గితే పలుకు కడుతుంది. తెల్లవారుజామున మంచు, మధ్యాహ్నం పొడి ఎండ ఉంటే ఇదంతా ఒక్క రోజులోనే జరిగిపోతుంది. ఇటుక సందుల్లో ఆ పలుకులు పెరిగి నెడుతుంటే పొడి రాలుతుంది.

ఇప్పుడు నన్ను బాగా బాధపెట్టే విషయానికి వస్తాను. సంక్రాంతి దగ్గర పడుతోందని తడి గోడకు ఎమల్షన్ పెయింటు కొట్టిస్తున్నారు. లేదా "కింద మూడడుగులు సిమెంటు కొట్టేద్దాం, ఇక రాదు" అని మేస్త్రి అంటే సరే అంటున్నారు. రాకపోవడం కాదు, కనిపించకపోవడం మాత్రమే జరుగుతుంది. నేలలోంచి ఎక్కే నీరు ఎక్కుతూనే ఉంటుంది. తడి బట్టను డబ్బాలో పెట్టి మూత బిగిస్తే ఆరుతుందా? నీటికి దారి దొరక్క నాలుగో అడుగుకు, ఐదో అడుగుకు పాకుతుంది. ఉప్పు సిమెంటు వెనక పలుకు కట్టి, చివరికి ప్లాస్టరుతో పాటు ఇటుక ముఖాన్ని కూడా ఊడదీస్తుంది. వేలితో తట్టి చూడండి, డొల్లగా మోగితే ఆ పని మొదలైనట్టే. వాటర్‌ప్రూఫ్ పెయింటైనా, టైల్సైనా, ప్లాస్టిక్ డిస్టెంపరైనా ఇదే జరుగుతుంది. విజయనగరంలో పాత పెంకుటింటి అరుగుకు టైల్స్ వేయించినవారు లోపలి గదిలో చెమ్మ మొదలైందని రాశారు. అరుగులోంచి బయటికి పోలేని తడి అటు తిరిగింది. ఉప్పు బయట తెల్లగా తేలుతోందంటే గోడ దాన్ని వదిలించుకుంటోందని అర్థం. అది లోపలే ఉండిపోతేనే ఇటుక పోతుంది.

పండక్కి వెల్ల వేయాల్సిందే అంటే సున్నం వేయండి. నాకు నత్తగుల్లలు కాల్చి చేసే గుల్ల సున్నమే ఇష్టం. పల్చగా మూడు పూతలు వేయాలి, జిగురు కలపకూడదు. జిగురు కలిపితే సున్నం కూడా పెయింటులాగే మూసేస్తుంది. ఇటుకల మధ్య సందులు రాలిపోతే ఒక పాలు సున్నం, మూడు పాళ్లు నది ఇసుకతో నింపండి. సముద్రపు ఇసుక వద్దు. నాటు ఇటుకల మధ్య సిమెంటు పెడితే సందు గట్టిగా నిలుస్తుంది, మెత్తటి ఇటుక అరిగిపోతుంది. సున్నం పనికి చలికాలమే మంచి అదను, ఎండ దానిలోని తడిని తొందరగా పీల్చేయదు. వారం పాటు తడి గోనె కప్పి ఉంచండి.

రాతి మెట్ల సంగతి చిన్నదే. టెక్కలి గ్రానైట్ అయితే దిగులు అక్కర్లేదు, నీరు దాదాపు ఇంకదు. మన కొండల్లో దొరికే మెత్తటి రాయి ఖొండలైట్ అయితే ఇనప బ్రష్ దగ్గరికి రానివ్వద్దు. నాచు తీయడానికి కొబ్బరి పీచు చాలు.

అభ్యాసం: అడుగు చదరం పాలిథీన్ ముక్కను గోడకు పెట్టి నాలుగు అంచులా టేపు వేయండి. మర్నాడు లోపలివైపు నీటి చుక్కలుంటే ఈ పండక్కి ఆ గోడకు ఏ రంగూ వేయొద్దు. తర్వాత తడి ఎంత ఎత్తు దాకా ఉందో పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. శివరాత్రి దాకా ప్రతి శనివారం ఇదే పని. గీత కిందికి దిగకపోతే ఆ గోడకు కుళాయి, మురుగు కాలువ, చూరు నీళ్లు పడే చోటు ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాయో కొలిచి రాయండి. వచ్చే పాఠం ఆ కొలతల మీదే ఉంటుంది.